నవ్వితే ఒక గుండీ

మా పెళ్ళయి అప్పటికింకా నెల కాలేదు. కొత్త కుక్కరు మొదటి విజిల్ వేస్తే ఇద్దరం చప్పట్లు కొట్టే దశలో ఉన్నాం. వంటింట్లో డబ్బాలన్నింటికీ మా ఆయన తన గుండ్రటి దస్తూరీలో పేర్లు రాసి అంటించారు. "ఉప్పు" అన్న డబ్బా చూసినప్పుడల్లా నాకు నవ్వొచ్చేది. ఉప్పు డబ్బా మీద ఉప్పు అని రాస్తే నవ్వడానికి ఏముందని మీకు అనిపించవచ్చు. అందులో ఆయన పంచదార పోశారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆఫీసులో నవ్వు నిషేధించారు.

మాది పట్టణ నీటి సరఫరా సంస్థ. ఏ పట్టణమని అడక్కండి. కుళాయి ఉండి నీళ్ళు రాని ఊరు మీకేది తెలిస్తే అదే మా ఊరనుకోండి. నేను పరిపాలనా విభాగంలో సెలవుల సీటు చూస్తాను. మా ఆయన శశాంక్ అదే ఆఫీసులో అసిస్టెంట్ ఇంజనీరు. హాలుకి ఈ చివర నేను, ఆ చివర ఆయన, మధ్యలో సూపరింటెండెంట్ అప్పలనర్సమ్మ గారు. మా సంబంధం కుదిర్చింది ఆవిడే. కాబట్టి మా చూపులు తన బల్ల మీదుగా అటూ ఇటూ పోతుంటే, ఆవిడ ఎత్తిపట్టిన ఫైలు కాస్త దించి దారి ఇచ్చేవారు.

ఇలా ఉండగా మా సంచాలకులు వేమూరి ఉపేంద్రనాథ్ గారు గోవాలో శిక్షణకు వెళ్ళి వచ్చారు. శిక్షణ పేరు "అనిశ్చిత పరిస్థితులలో నిర్ణయ దక్షత". అక్కడ ఎవరో విదేశీ నిపుణుడు పోకర్ అనే ఆట ద్వారా పరిపాలన నేర్పించాడట. పోకర్ అంటే ఏమిటో మా ఆఫీసులో ఎవరికీ తెలీదు. అప్పలనర్సమ్మ గారు ఫోన్లో చూసి తేల్చేశారు.

"ఏటీ లేదమ్మా హిమజా. మన మూడు ముక్కలాటే. దానికి కోటూ బూటూ తొడిగేరు."

ఆ మాట ఆవిడ మెల్లగా అనడం మంచిదైంది. ఎందుకంటే సంచాలకులు వచ్చీ రాగానే జారీ చేసిన మొదటి ఉత్తర్వు "పేకాట" అన్న మాట ఆఫీసు ఆవరణలో ఉచ్చరించరాదని. దాన్ని ఇకపై "నైపుణ్యాధారిత పత్ర నిర్ణయ విధానం" అనాలి. "అదృష్టం" అనే మాట కూడా రద్దయింది. పోకర్‌లో అదృష్టం లేదట, అంతా నైపుణ్యమేనట. ఎవరికైనా అదృష్టం కలిసొస్తే దాన్ని "అనుకూల విచలనం"గా నమోదు చేయాలి.

మర్నాడు హాల్లో అందరినీ నిలబెట్టి ఆయన ప్రసంగించారు.

"మిత్రులారా! ఈ సంస్థలో ఇకపై దస్త్రం అనేది దస్త్రం కాదు. అది మనకు పంచబడిన ముక్కల సముదాయం. జూదరికీ నిపుణుడికీ తేడా ఏమిటి? జూదరి ప్రతి ఆటా ఆడతాడు. నిపుణుడు పదింట ఎనిమిది సార్లు ముక్కలు చూసి, బలహీనంగా ఉన్నాయనుకుంటే మొదట్లోనే డ్రాప్ చేస్తాడు, అంటే ఆ ఆట వదిలేస్తాడు. ఇంతకాలం మనం వచ్చిన ప్రతి అర్జీనీ స్వీకరించాం. ఎంత ప్రమాదకరంగా ఆడామో ఆలోచించండి!"

అందరం ఆలోచించాం. అర్జీలు తీసుకోకుండా ఉండొచ్చన్న ఊహ అంతవరకూ ఎవరికీ రానందుకు సీనియర్లు కొందరు సిగ్గుపడ్డారు కూడా.

రెండో సూత్రం స్థానబలం. పోకర్‌లో అందరికంటే చివర మాట్లాడేవాడికి లాభం, మిగతావాళ్ళ ఆట చూసి ఆడొచ్చు కనుక. దీంతో మా ఆఫీసులో ప్రతివాళ్ళూ చివరి సంతకం పెట్టడానికే సిద్ధమయ్యారు. ముందు సంతకం పెట్టేవారు లేకుండా పోయారు. వారాంతపు సమీక్షా సమావేశంలో ఎవరూ ముందు నోరు విప్పకుండా భోజనాల వేళ దాకా కూర్చుని, లేచి వెళ్ళి తిని వచ్చి మళ్ళీ కూర్చున్నారు. ఆ నెలలో సంస్థ ఒక్క తప్పు నిర్ణయం కూడా తీసుకోలేదని కేంద్ర కార్యాలయం ప్రశంసా పత్రం పంపింది.

అప్పుడు వచ్చింది పైడితల్లి.

ఆమెది గొల్లవీధి. బిందె చంకన పెట్టుకునే వచ్చింది. అర్జీల బల్ల దగ్గర ఆ రోజు శశాంక్ కూర్చున్నారు.

"బాబూ, మా ఈదిలో నీల్లు రావట్లేదని కాయితం ఇచ్చేను. ఏటైంది?"

"చూశామమ్మా. ముక్కలు బలహీనంగా ఉన్నాయి. డ్రాప్ చేశాం," అన్నారాయన, రాసిచ్చిన మాటలు చూసి చదువుతూ.

"నాకు ముక్కలెప్పుడు పంచేరు బాబూ?"

"అంటే... అలా అనుకోవాలన్నమాట."

"అనుకున్నాను. మరి బలమైన ముక్కలెవలికి పడ్డాయి?"

"డైరెక్టరు గారి వీధికండి."

"పంచిందెవలు?"

"డైరెక్టరు గారేనండి."

పైడితల్లి బిందె కింద పెట్టి, ఆయన్ని ఎగాదిగా చూసి, "అయితే ఆట బాగుంది బాబూ," అంది.

శశాంక్‌కి నవ్వొచ్చింది. మా ఆయనకి నవ్వొస్తే ముందు చెవులు ఎర్రబడతాయి, తర్వాత ఎడమ బుగ్గ మీద చిన్న సొట్ట పడుతుంది. ఆ సొట్ట చూసే నేను పెళ్ళికి సరేనన్నాను. పైడితల్లి కూడా అదే చూసింది. ఈ అబ్బాయి తన పక్షమేనని గ్రహించి, బిందె బోర్లించి దాని మీద కూర్చుంది. పని అయ్యేదాకా లేవనంది. సాయంత్రం దాకా లేవలేదు కూడా. చివరికి ఫిట్టర్ని పంపిస్తామని మాట ఇస్తేగాని ఇంటికి వెళ్ళలేదు.

సంచాలకులు విచారణ జరిపారు. సంస్థ రహస్యం ఎక్కడ బయటపడింది? ఒక ఉద్యోగి బుగ్గ మీద.

రెండు రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. "సిబ్బంది యొక్క ముఖములు పనివేళలయందు సంస్థ ఆస్తి అగుటచేత, వాటిపై ఉత్పన్నమగు భావములను ముందస్తు అనుమతి లేనిదే ప్రజలకు ప్రదర్శింపరాదు." ఫిట్టర్ని పంపే పని కూడా ఆగిపోయింది, మళ్ళీ ముక్కలు పంచేవరకు. ప్రతి బల్ల మీదా ఒక చేతి అద్దం పెట్టించారు. ముఖ పర్యవేక్షణాధికారిగా అప్పలనర్సమ్మ గారిని నియమించారు. ఆవిడ ఆ ఉత్తర్వు అందుకుని పెద్దగా నవ్వారు. చాలా రోజుల వరకూ అదే చివరిసారి.

శిక్ష కూడా పోకర్ పద్ధతిలోనే. పోకర్ ఆడేవాళ్ళు ముందు రంగురంగుల బిళ్ళలు పెట్టుకుంటారట. బిళ్ళలు కొందామంటే మా కొనుగోళ్ళ జాబితాలో ఆ పేరు లేదు. ఉన్నవాటిలో దగ్గరగా ఉన్నది వాచ్‌మన్ కోటుకి కుట్టే గుండీ. నల్లటిది, నాలుగు రంధ్రాలది. కాబట్టి ఒక్కొక్కరికీ ఒక గాజు సీసా, అందులో వాళ్ళకున్న సెలవులకు సరిపడా గుండీలు. ఒక గుండీ అంటే ఒక పూట సెలవు. ఏడాది మొదట్లో ముప్పై. నవ్వితే ఒక గుండీ కోత. సీసా ఖాళీ అయితే "దివాలా". అలాంటి ఉద్యోగికి బల్ల మార్పిడి. అంటే కొండ మీద పంపుహౌస్‌కి బదిలీ. ఇక్కడికి మూడు గంటల దారి. అక్కడ పంపుకీ, దాన్ని చూసుకునే మనిషికీ తప్ప మూడో ప్రాణికి చోటు లేదు.

పెళ్ళికి సెలవులన్నీ ఊడ్చేసుకున్న మా ఇద్దరి సీసాల్లో తలా ఒక పిడికెడు గుండీలే మిగిలాయి.

సీసాలన్నీ నా బీరువాలో ఉండేవి. సెలవుల సీటు కదా, ఉత్తర్వులో నాకు "పంపకందారు" అని హోదా ఇచ్చారు. "పంపకందారు నిర్ణయమే తుది" అని కింద గీత గీసి మరీ రాశారు. ఆ గీత చూసి కాస్త పొంగిపోయాను. అద్దంలో నా పొంగు చూసిన అప్పలనర్సమ్మ గారు పంచదార చెంచా పట్టుకుని వచ్చారు. సీసాలోంచి గుండీ తీయడానికి ఆవిడ చెంచానే వాడేవారు.

"మొదటి రోజే బోణీ సేసేవా పిల్లా? ఏటి సెయ్యను, నా ఉజ్జోగం అలాటిది."

"ఉద్యోగం వల్ల కాదండీ, హోదా వల్ల," అన్నాను.

"అందుకూ నవ్వుతున్నావు. ఇంకోటి తియ్యనా?"

తర్వాతి రోజులు మాకు గడ్డుగా గడిచాయి. ఏ దుఃఖమైనా దాచుకోవచ్చు గాని, కొత్తగా పెళ్ళయిన వాళ్ళకి చుట్టూ ఉన్నదంతా కుట్ర పన్నినట్టే ఉంటుంది. వాన పడేది. క్యాంటీన్‌లో మిరపకాయ బజ్జీలు వేసేవాళ్ళు. క్యాంటీన్ కుర్చీలు రెండు పక్కపక్కనే ఖాళీగా దొరికేవి. ప్రతిదానికీ ఒక గుండీ. ఒకరోజు ఆయన క్యారియర్ తెరిచి దోసకాయ పప్పు నోట్లో పెట్టుకుని, హాలు ఆ చివర నుంచి నా వైపు చూశారు. నాకు "ఉప్పు" డబ్బా గుర్తొచ్చింది. ఆయనకీ గుర్తొచ్చింది. తలా రెండు పోయాయి. తియ్యటి పప్పు ఆయన మాట్లాడకుండా మొత్తం తినేశారు. దానికి నాకు ఇంకొకటి పోయింది.

ఇంట్లో సాధన మొదలుపెట్టాం. బీరువా అద్దం ముందు ఇద్దరం నిలబడ్డాం.

"ఇప్పుడు నా మొహం చూసి ఏమనుకుంటున్నానో చెప్పు," అన్నారు.

"ఆకలేస్తోంది."

"తప్పు. మళ్ళీ చూడు."

"బాగా ఆకలేస్తోంది."

"అబ్బా! మరెలా దాచాలి హిమా?"

"ఏదైనా దిగులైన విషయం తల్చుకోండి. కరెంటు బిల్లు తల్చుకోండి."

ఆయన కళ్ళు మూసుకుని గంభీరంగా తల్చుకున్నారు. మెల్లగా చెవులు ఎర్రబడ్డాయి. "మనిద్దరం కాపురం పెట్టాక వచ్చిన మొదటి బిల్లు కదా అది," అన్నారు. బుగ్గ మీద సొట్ట.

ఆ రాత్రి లైటు ఆర్పాక నాకు నిజంగానే భయం వేసింది. ఆయన సీసాలో ఇంక నాలుగే ఉన్నాయి. అవి కూడా పోతే ఆయన కొండ మీద, నేను ఇక్కడ. డబ్బాలకి పేర్లు చూసుకుంటూ ఒక్కదాన్నే వండుకోవాలి.

ఈ మధ్యలో పోలీసులు వచ్చారు. సంచాలకులు రోజూ మధ్యాహ్నం మాకు పెట్టే శిక్షణ తరగతుల్లో "ముక్కలు", "డ్రాప్" అన్న అరుపులు వినిపిస్తున్నాయని పక్క వీధివాళ్ళెవరో ఫోన్ చేశారట. ఎస్సై ఇద్దరు కానిస్టేబుళ్ళతో గబగబా లోపలికి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయాడు. హాలు నిండా జనం. బల్లల చుట్టూ కూర్చుని ఉన్నారు. ముక్కలు బోర్లించి ఉన్నాయి. ఒక్క మొహంలోనూ ఏమీ లేదు.

అతను టోపీ తీసి చేత్తో పట్టుకుని, తల వంచుకుని కాసేపు మౌనంగా నిలబడ్డాడు. తర్వాత అప్పలనర్సమ్మ గారి దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవరు పోయారండీ?"

"ఇంకా ఎవలూ పోలేదు బాబూ. పేకా... పత్ర నిర్ణయ విధానం నడుస్తంది."

"చాలా ఏళ్ళుగా పేకాట శిబిరాలు పట్టుకుంటున్నానమ్మా. ఆడేవాళ్ళు ఇలా ఉండరు. ఉన్నదంతా పోగొట్టుకున్నవాడి మొహంలో కూడా ఇంతకంటే కళ ఉంటుంది," అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. పేకాట జరగడం లేదని స్టేషన్‌లో రాసుకున్నాడట. ఆ సంగతి తెలిసి సంచాలకులు దాన్ని సంస్థ విజయాల పట్టికలో చేర్చారు.

నేను, శశాంక్ తలా రెండు చొప్పున పోగొట్టుకున్నాం. పోగొట్టుకోకుండా ఎలా ఉంటామండీ?

అంతటితో ఆగినా బాగుండేది. కానీ పోకర్‌లో అసలు విద్య ఆట కాదట, నిధి నిర్వహణట. సంచాలకులు దాన్ని చివరికి అట్టిపెట్టారు.

"మిత్రులారా! ఆటగాడు దివాలా తీసేది చెడ్డ ముక్కల వల్ల కాదు, నిధిని కాపాడుకోలేక. ఎంత మంచి ముక్కలు వచ్చినా సరే, తన దగ్గరున్న దానిలో ఇరవయ్యో వంతుకు మించి ఒక ఆటలో పెట్టరాదు. ఈ సూత్రాన్ని నేటి నుండి సెలవులకు వర్తింపజేస్తున్నాం."

నేను మనసులో లెక్క వేసుకున్నాను. సీసాలో ఇరవై గుండీలుంటే ఒకటి వాడుకోవచ్చు, అంటే ఒక పూట. రెండు రోజుల సెలవంటే నాలుగు గుండీలు. దానికి సీసాలో ఎనభై ఉండాలి. ఏడాదికి ఇచ్చేదే ముప్పై.

మా ఆడపడుచు పెళ్ళికానుకగా పంపిన రెండు టికెట్లు నా హ్యాండుబ్యాగులో ఉన్నాయి. అరకు రైల్లో అద్దాల పెట్టెకి. పైకప్పు కూడా అద్దమేనట, కొండలు తల మీదుగా వెళ్తాయట. వచ్చే గురువారం ప్రయాణం. చెయ్యెత్తాను.

"సార్, అలా అయితే ఎవరికీ రెండు రోజుల సెలవు ఎప్పటికీ రాదు కదండీ?"

"అదే కదమ్మా నిధి నిర్వహణ! నిధి చెక్కుచెదరదు."

"మరి నిధి దేనికి సార్?"

"కాపాడుకోవడానికి."

ఆ జవాబు ఆయనకే ఎంతో నచ్చినట్టుంది, రాసుకోమని గుమస్తాకి సైగ చేశారు. ఉత్తర్వు చివర పెద్ద అక్షరాల్లో ఇలా ఉంది: "ఈ నిబంధన సంచాలకులతో సహా అందరికీ వర్తించును. మినహాయింపు కోరినవారి సీసా నుండి ఐదు గుండీలు తీసివేయబడును." కేంద్ర కార్యాలయం మళ్ళీ మెచ్చుకుంది. రాష్ట్రమంతా దీన్ని అమలు చేసే విషయం పరిశీలిస్తామంది.

సోమవారం నాటికి శశాంక్ సీసాలో ఒక్క గుండీ మిగిలింది. పోయినదానికి కారణం చెప్పడానికి నాకు సిగ్గు. నా జడలో మల్లెపూలు.

"హిమజా," అన్నారు అప్పలనర్సమ్మ గారు చెంచా తుడుస్తూ, "నీకు దండం పెడతాను, గురువారం దాకా పూలెట్టుకోకు. అబ్బాయి కొండెక్కేస్తాడు. సంబంధం కుదిర్చిన పాపం నాదే అవుతాది."

మంగళవారం పొద్దున్న ఆలస్యమైంది. హడావిడిగా స్కూటరెక్కి వచ్చేశాం. శశాంక్ నన్ను గేటు దగ్గర దింపి, ఏదో పని ఉందని ఎటో వెళ్ళారు. సీట్లో కూర్చుని బీరువా తెరుస్తుంటే ఒక్కసారిగా గుర్తొచ్చింది. పొయ్యి మీద పాలు పెట్టాను. ఆపానా?

అది మామూలు గిన్నె కాదు. పెళ్ళిలో మా పిన్ని ఇచ్చిన స్టీలు గిన్నె, అంచు మీద మా ఇద్దరి పేర్లూ ఒకదాని కింద ఒకటి చెక్కించి ఉంటాయి. ఆయనకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. ఇంటి ఓనరుకి చేద్దామని నంబరు వెతుకుతుండగా ఎదురు కుర్చీ కదిలింది. ఉపేంద్రనాథ్ గారు.

"హిమజ గారూ, కూర్చోవచ్చా?"

సంచాలకులు నన్ను కూర్చోవచ్చా అని అడగడం అదే మొదటిసారి. ఫోన్ సొరుగులో పడేశాను.

ఆయన అటూ ఇటూ చూసి మెల్లగా చెప్పారు. ఆయన భార్య తొమ్మిదేళ్ళుగా తిరుమలలో సుప్రభాత సేవకి కంప్యూటర్ డిప్‌లో పేరు వేస్తున్నారట. ఇన్నాళ్ళకి తగిలిందట. శుక్రవారం తెల్లవారుజామున సేవ. గురువారం బయల్దేరాలి.

"అభినందనలు సార్. గొప్ప అనుకూల విచలనం," అన్నాను. వెటకారం కాదు, ఉత్తర్వులో ఉన్న మాటే.

ఆయన నుదురు తుడుచుకున్నారు. "రెండు రోజులు కావాలమ్మా. నా సీసాలో ముప్పై ఉన్నాయి. ఒక్కటి కూడా పోగొట్టుకోలేదు."

"నిబంధన ప్రకారం ఒక పూట వస్తుంది సార్."

"ఒక పూటలో తిరుపతి స్టేషన్‌కి కూడా చేరను. మీ ఆట మీరాడుకోండి, నేను మా తమ్ముణ్ణి తీసుకుపోతానంటోంది మా ఆవిడ. వాళ్ళ తమ్ముడంటే మీకు తెలీదు... పోనీ, మినహాయింపు అని అడిగితే ఐదు పోతాయి. నేనే మినహాయింపు అడిగితే కేంద్ర కార్యాలయం ముందు నా మొహం ఏమవుతుంది? పంపకందారు మీరు. మీ నిర్ణయమే తుది. ఇంకేదైనా దారి ఉందా?"

నాకు ఏ దారీ తెలీదు. తెలిసినా అప్పుడు చెప్పే స్థితిలో లేను. నా కళ్ళ ముందు పాలు మెల్లగా పైకి లేస్తున్నాయి. మీగడ కట్టింది. మీగడ కింద బుడగలు. "శశాంక్" అన్న పేరు దాకా వచ్చాయి. "హిమజ" దగ్గరికి వస్తున్నాయి.

ఆయన ముందుకు వంగి నా మొహంలోకి చూశారు. ఎదుటివాడి చేతిలో ఏముందో కళ్ళల్లో చదవడం గోవాలో ప్రత్యేకంగా నేర్పారట. రెప్ప వెయ్యకపోతే బలమైన ముక్కలున్నట్టు.

నేను రెప్ప వెయ్యలేదు. పాలు పొంగి మంట ఆరిపోతుందా, లేక గిన్నె అడుగంటుతుందా? ఆరిపోతే గ్యాసు. గ్యాసు వస్తే...

"మీరేదో దాస్తున్నారు," అన్నారు.

గ్యాసు వస్తే కిటికీ తెరిచి ఉందా?

"కేంద్ర కార్యాలయం నుంచి ఏమైనా వచ్చిందా? ఈ పథకం మీద?"

కిటికీ మూసేశాను. పావురాలు వస్తున్నాయని నిన్ననే మూసేశాను.

"అర్థమైంది," అన్నారాయన. ఒక్కసారి కుర్చీలో వెనక్కి వాలి పెద్దగా ఊపిరి వదిలారు. "ఇంతమందికి శిక్షణ ఇచ్చాను గాని, ఇంత స్థిరమైన ముఖం నేను గోవాలో కూడా చూడలేదు. మీ చేతిలో చాలా పెద్ద ముక్కలున్నాయి. నిపుణుడు అలాంటప్పుడు ఏం చేస్తాడు?"

"డ్రాప్ చేస్తాడండి," అన్నాను. నా మనసు స్టవ్ మీద ఉంది. ఆ ప్రశ్నకి జవాబు మాకు పాఠంలా వచ్చు.

ఆయన నా బల్ల మీదే తెల్లకాగితం తీసి రాయడం మొదలుపెట్టారు. "ప్రస్తుత పరిస్థితులను సమగ్రముగా బేరీజు వేసిన మీదట, సంస్థ నైపుణ్యాధారిత పత్ర నిర్ణయ విధానమును వ్యూహాత్మకముగా విరమించుకొనుచున్నది. ఇది వెనకడుగు కాదనియు, అత్యున్నత నైపుణ్యమునకు నిదర్శనమనియు గమనించవలెను." సంతకం. తేదీ. కింద ముద్ర. పోకర్ వచ్చాక ఆ ఆఫీసులో ఎవరో ఒకరు ముందుగా సంతకం పెట్టడం అదే మొదటిసారి.

సరిగ్గా అప్పుడు గుమ్మంలో శశాంక్ కనిపించారు. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసిపోయి ఉంది. చెప్పుల నిండా బురద. చెవులు ఎర్రగా ఉన్నాయి. బుగ్గ మీద సొట్ట మొదలవుతోంది.

"వద్దు!" అని అరిచాను.

ఆలస్యమైపోయింది. నిండుగా నవ్వేశారు. అప్పలనర్సమ్మ గారు భారంగా లేచారు, చెంచా తీసుకున్నారు, బీరువా దాకా వచ్చి ఆఖరి గుండీ ఉన్న సీసా బయటికి తీశారు.

"అయ్యా," అన్నారు సంచాలకుల వైపు తిరిగి, "తియ్యమంటారా?"

ఉపేంద్రనాథ్ గారు తన సంతకం వైపు చూసుకున్నారు. సెలవు వైపు, తిరుమల వైపు, బహుశా వాళ్ళ ఆవిడ వైపు కూడా చూసుకుని ఉంటారు. మొహం మెల్లగా విచ్చుకుంది. ఆయన పై పళ్ళ మధ్య సందు ఉందని మా అందరికీ ఆ రోజే తెలిసింది.

"ఇంకెక్కడి గుండీ అమ్మా," అన్నారు. "డ్రాప్."

హాల్లో ఎవరు ముందు నవ్వారో తెలీదు. ఇన్ని రోజుల నవ్వు ఒక్కసారిగా బయటికి వచ్చింది. అప్పలనర్సమ్మ గారు కుర్చీలో కూలబడి, చెంచా పట్టుకుని కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

శశాంక్‌కి ఏం జరిగిందో ఏమీ అర్థం కాలేదు. నా దగ్గరికి వచ్చి గుసగుసగా చెప్పారు.

"గొల్లవీధి వాల్వు తిప్పించి వస్తున్నాను. ఎవరికీ చెప్పకుండా ఫిట్టర్ని తీసుకెళ్ళాను. నీళ్ళొచ్చాయి హిమా! పైడితల్లి బిందెడు నీళ్ళు నా మీదే పోసింది. ఇంతకీ అన్నిసార్లు ఫోన్ చేశావేంటి?"

"పాలు!"

"నువ్వు హెల్మెట్ వెతుక్కుంటుంటే స్టవ్ నేనే ఆపేశాను. కుదరలేదు గాని, తోడు కూడా పెట్టేవాణ్ణి."

విధానంతో పాటు గుండీల కోతలూ రద్దయి మాకు సెలవు దొరికింది, గురువారం మా రైలు కదిలింది. అద్దాల పెట్టెలో తల పైకెత్తి కొండల్ని చూస్తూ కూర్చున్నాం. సంచాలకులు అప్పటికి తిరుపతి బండిలో ఉండి ఉంటారు. లడ్డూ తెస్తానని, అది ఎవరికి ముందు ఇవ్వాలో ఇంకా నిర్ణయించుకోలేదని పొద్దున్నే ఫోన్ చేసి చెప్పారు.

మొదటి సొరంగంలోకి వెళ్ళగానే పెట్టంతా చీకటైంది. పిల్లలు కేకలు పెట్టారు.

"ఇప్పుడైనా నిజం చెప్పు," అన్నారు శశాంక్ చెవిలో. "ఆ రోజు నీ చేతిలో ఏ ముక్కలున్నాయి?"

"వెలుగొచ్చాక నా మొహం చూసి చెప్పండి."

సొరంగం దాటాం. పైనుంచి ఎండ పడింది. ఆయన నా మొహం చూడలేదు. తన చొక్కా వైపు చూసుకుంటున్నారు. వాచ్‌మన్ కోటు గుండీలన్నీ స్టోర్స్‌కి తిరిగిచ్చేశాం గాని, ఆయన సీసాలోని ఆ ఆఖరిది అప్పలనర్సమ్మ గారు నా చేతిలో పెట్టి, దీన్ని లెక్కలో రాయలేదు పో అన్నారు. లేత నీలం చొక్కాకి పై నుంచి మూడో గుండీ ఊడిపోయి ఉంటే, దాన్నే కుట్టేశాను. నల్లటిది, నాలుగు రంధ్రాలది, మిగతావాటికి రెట్టింపు పెద్దది. కాజాలో పట్టక సగం బయటికే ఉంది.

ఎదుటి సీటు పెద్దావిడ దాన్ని చూసింది, మమ్మల్ని చూసింది, కొత్తగా పెళ్ళయిందా అని అడిగింది.

ఎలా తెలిసిందని మేం అడగలేదు.